సున్నం ఆరేలోపు

దీనమ్మ మొదట అది కిళ్ళీ ఉమ్మి అనుకుంది. సమాధుల తోటలో కూర్చుని కిళ్ళీ నమిలే పెద్దమనుషులు తూర్పుగరువులో లేకపోలేదు. కొంగు తడిపి తుడిచింది. పోలేదు. ఎర్ర రంగుతో, తలవైపు గోడ మీద, బొటనవేలంత మందాన ఇంటూ గుర్తు. పక్క సమాధి మీదా ఉంది, ఆ పక్కదాని మీదా ఉంది. తుపానులో పోయినవాళ్ళ వరస పొడుగునా ఎనిమిది గుర్తులు లెక్కపెట్టి, సున్నం బకెట్ కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడిపోయింది.

సమాధుల పండగకి ఇంక మూడు రోజులుంది. ఏటా ఈ వారమంతా తోటలో ఆమెదే రాజ్యం. గ్రానైట్ వేయించుకున్నవాళ్ళు పోగా మిగిలినవాళ్ళ సమాధులన్నిటికీ సున్నం వేసేది దీనమ్మా, ఆమెకి సాయం వచ్చే లోవలక్ష్మీ. లోవలక్ష్మిది చేపల వీధి. లోవ తలుపులమ్మ తల్లికి మొక్కుకుని పెట్టిన పేరు. సమాధులకి సున్నం వెయ్యొద్దని ఏ దేవుడూ చెప్పలేదు కదా అంటుంది.

"మాస్టారే వేయించారంట వదినా," అంది లోవలక్ష్మి, గుల్ల సున్నం నానేసిన తొట్టిని కర్రతో కలుపుతూ. "పేర్లు కనబడని సమాధులంట. సోమవారం జేసీబీ వచ్చుద్దంట."

దీనమ్మ చేతులు కడుక్కోలేదు. గేటు దగ్గర ఫోను పట్టుకుని ఫొటోలు తీస్తున్న విజయ్ పాల్ మాస్టారి దగ్గరికి అలాగే వెళ్ళింది. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు, ఇప్పుడు ఏసు గుడి కమిటీకి సెక్రటరీ. పద్ధతి గల మనిషి. చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనరు.

"వందనాలండి మాస్టారూ. మా ఆయన మీద ఎర్రగీత పెట్టించారేంటండి?"

"మీ ఆయన మీద కాదమ్మా." ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "తోట నిండిపోయింది. ఆ పక్క కాలవ కోసేసింది. మొన్న డేనియల్ వాళ్ళ నాన్న పోతే చోటు తేలక శవాన్ని రెండు రోజులు ఇంట్లో పెట్టుకున్నారు, నీకూ తెలుసు. అందుకని కమిటీ ఒకటి అనుకుంది. పేరు చదవడానికి వీలుండాలి. మాది అని సంతకం పెట్టే మనిషి ఉండాలి. రెండూ ఉన్నవాటిని ముట్టుకోం."

"నేనున్నాను కదండి. వేలిముద్ర వేస్తాను."

"నువ్వున్నావు దీనమ్మా. పేరేది?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. పేరు లేదు. తొంభై ఆరు తుపాను తర్వాత ఎక్కడినుంచో వచ్చిన క్రైస్తవ మిషనువాళ్ళు ఒక్కో సమాధికీ తలవైపు మోకాలెత్తు గోడ కాస్త వాలుగా కట్టి, పచ్చి సిమెంటులో మేకుతో పేర్లు రాశారు. ఆ మేకు గీతల్లో ఏటా కొంచెం సున్నం నిండింది. ఇరవై ఎనిమిది పూతలకి గోడ నున్నగా పాలమీగడలా తయారైంది. చమత్కారం ఏంటంటే, తోటలో ఎవరూ పట్టించుకోని సమాధుల మీద నాచు పట్టినా పేర్లు మిగిలాయి. ఏడాది తప్పకుండా మనుషులొచ్చి సున్నం వేయించుకున్నవాటి మీదే పోయాయి. గ్రానైట్ వాళ్ళ సంగతి సరేసరి, వాళ్ళ పేర్లు ప్రభువు వచ్చేదాకా ఉంటాయి.

"మిగతా ఏడుగురూ సరేనన్నారు," అన్నాడు మాస్టారు మెత్తగా. "తుపానులో పోయినవాళ్ళందరి పేర్లూ ఒకే పలక మీద చెక్కించి గోడకి పెడతాం. అబ్రహాము పేరూ ఉంటుంది."

"పలక వెనకాల మనిషుండడు కదండి."

దీనమ్మ గోడ వైపు చెయ్యి చూపించి మళ్ళీ అంది: "పేరుందండి. సున్నం వేసినప్పుడు కనబడుద్ది. నేను ఏటా చూస్తాను."

మాస్టారు నవ్వలేదు. నవ్వకూడదని ఆపుకున్నట్టు మాత్రం తెలుస్తోంది. "అయితే చూపించమ్మా. చదవగలిగితే నా చేత్తో నేనే ఎర్రగీత చెరిపేస్తాను," అన్నాడు.

గురువారం పొద్దున్నే ఆయన మాట మీద వచ్చాడు. దీనమ్మ ఆ రోజుకని శ్రద్ధగా సిద్ధం చేసింది. తొట్టిలో బాగా నానిన మొదటి సున్నాన్ని పాత పంచెలో రెండుసార్లు వడకట్టింది. జిగురు కలిపింది, చిటికెడు నీలిమందు వేసింది. కుంచె ముంచి ఎత్తితే సున్నం మజ్జిగ చారులా కాదు, దోసెల పిండిలా జారాలి, అప్పుడే పూత నిలుస్తుంది. గ్రానైట్ పక్కన తమ సమాధి వెలవెలబోకూడదనుకునే వాళ్ళకి ఆమె వేసే పూత అదీ. మాస్టారి ముందు అంతకన్నా తక్కువ వెయ్యడానికి ఆమెకి మనసొప్పలేదు.

గోడ మీద నీళ్ళు చిలకరించింది. కుంచెని పైనుంచి కిందికి ఒకే ఒరవడిలో లాగింది. పక్కకి జరిగి మాస్టారికి చోటిచ్చి, "చూస్తా ఉండండి," అంది.

ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి చూశాడు. పూత ఆరింది, తెల్లబడింది. ఆమె చూస్తున్న చోట ఏ గీతా రాలేదు. కోడిగుడ్డు పెంకులా గోడంతా ఒకే తెలుపు. ఎర్ర గుర్తు కూడా పోయింది.

"మళ్ళీ వేస్తానండి," అని ఇంకో పూత వేసింది. అదీ అంతే.

లోవలక్ష్మి దూరం నుంచి చూసి, "గీకితే పోలేదా మాస్టారూ?" అంది. ఆ ప్రయత్నం నిన్న చివరి సమాధి మీద చేశారు. తాపీతో సున్నం లేపబోతే దాంతోపాటే సిమెంటు పెచ్చుగా ఊడి వచ్చింది. ఉప్పుగాలికి నాని ఉన్న ప్లాస్టరింగు మరి. పేరున్న చోట ఒక ముక్క నేల మీద పడి పొడి అయిపోయింది.

"గీకొద్దులే," అన్నాడు మాస్టారు. నడుం నిటారుగా చేసుకుని, దీనమ్మ మొహంలోకి చూడకుండా, "పోనీలేమ్మా. నీ మనసులో ఉంది కదా పేరు," అన్నాడు.

ఆ మాట ఆమెని కొట్టినట్టే అయింది. మనసులో ఉన్న పేరుకి జేసీబీ ఆగదు. ఆయన వెళ్ళిపోయాక ఆమె సమాధి పక్కనే చతికిలబడింది. ఇన్నేళ్ళూ చూసింది కలా? కాదు. ఇంటిపేరు కింది వరసలో మొదటి అక్షరం ఆమెకి బాగా గుర్తు. గుండ్రంగా తిరిగి, పక్కన కొమ్ములా లేచేది. ఆమెకి చదువు రాదు, కానీ అది 'అబ్రహాము'లో మొదటి అక్షరమని తెలుసు. ఏటా అది బయటపడగానే వేలు పెట్టి దాని వెంట తిప్పేది. వేలు తీసేసరికి ఆరిపోయేది.

మరి ఈసారి ఎందుకు రాలేదు?

ఆ ప్రశ్నతోనే ఇంటికి వెళ్ళి, ఆ ప్రశ్నతోనే అన్నం కలుపుకుంది. శుక్రవారం పొద్దున బావి గట్టు దగ్గర బకెట్ కడుగుతుంటే జవాబు దొరికింది. బకెట్ అడుగున మిగిలిన సున్నంలో నీళ్ళు పోసి తిప్పి, ఆ కడుగు నీళ్ళు పారబోయబోయి ఆగింది. ఏటా అబ్రహాము సమాధికి ఆమె వేసేది ఇదే. చిక్కటి సున్నమంతా డబ్బిచ్చినవాళ్ళ సమాధులకి పోతుంది. చివర్లో, చీకటి పడబోతుండగా, బకెట్లో నీళ్ళు పోసి కడిగి, ఆ పల్చటిది తన మొగుడికి వేసేది. ఆయనేమీ అనుకోడులే అనుకునేది.

కడుగు నీళ్ళని బావి గట్టు మీద, పిల్లలెవరో మేకుతో గీసిన పులిజూదం గళ్ళ మీద కుంచెతో రాసి కూర్చుంది. చిక్కటి సున్నం రాసినచోటే అతుక్కుంటుంది, పొగరుబోతులా కదలదు. పల్చటిది అలా కాదు. గట్టు మీద పడ్డాక కూడా దానికి పని ఉంటుంది. ఎత్తు మీద నిలవదు, అంచుల మీంచి జారి పల్లం వెతుక్కుంటుంది. గీత ఎంత సన్నదైనా సరే, కంటికి ఆననంత పల్లమైనా సరే, దానికి తెలిసిపోతుంది. తడి సున్నం తెల్లగా ఉండదు, గంజి రంగులో ఉంటుంది. ఎత్తు మీద వెంట్రుకవాసి పొర చిటికెలో ఆరి తెల్లబడింది. గీతల్లోకి చేరిన నీళ్ళు ఇంకా ఆరలేదు. తెల్లటి గట్టు మీద పులిజూదం గళ్ళు బూడిదరంగులో లేచి నిలబడ్డాయి. దీనమ్మ లోపల అంకెలు లెక్కపెట్టింది. నూటయాభై దాటేసరికి అవీ తెల్లబడి మాయమయ్యాయి.

సంతోషం వేసింది, అంతలోనే నిన్నటి పని గుర్తొచ్చింది. నిన్న మాస్టారి ముందు గొప్పకి పోయి రెండు చిక్కటి పూతలు వేసింది. మిగిలున్న కాస్త పల్లాన్నీ తన చేత్తోనే పూడ్చేసింది. ఇంకో పొరపాటు చేస్తే గోడ చదునైపోతుంది. ఇంక ఒక్కసారికే వీలుంది.

కాకినాడలో బట్టల షాపులో పనిచేసే కూతురు కృపారాణికి ఫోను చేసింది. "రేపు సాయంత్రం కాదే, పొద్దున్నే రా. మీ నాన్న పేరు చదవాలి నువ్వు."

"సమాధి మీద పేరెక్కడుందమ్మా?" అంది కృపారాణి. చిన్నప్పుడు హాస్టలు నుంచీ, ఇప్పుడు షాపు నుంచీ ఆ పిల్ల సాయంత్రం సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించే వేళకే వచ్చేది. అప్పటికి అంతా ఆరి తెల్లగా ఉండేది. ఊరంతా చూసేది అదే.

"ఉంది. రా," అంది దీనమ్మ.

శనివారం, పండగ రోజు, ఎండ ఇంకా చురుక్కుమనకముందే ముగ్గురూ సమాధి దగ్గరున్నారు. మాస్టారు రానంటాడేమో అనుకుంది గానీ వచ్చాడు. పైగా ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని వేసుకున్నాడు. కృపారాణి చెప్పులు విప్పి, చున్నీ నడుముకి బిగించి, గోడకి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

దీనమ్మ ముందు గోడని మూడు చెంబుల నీళ్ళతో తడిపింది. పొడిగా ఉంటే సున్నాన్ని ఒక్క గుక్కలో తాగేస్తుంది, జారనివ్వదు. నీళ్ళు లోపలికి ఇంకేదాకా ఆగింది. బకెట్లో గుప్పెడు సున్నానికి నిండా నీళ్ళు. కుంచెని ముంచి, అంచుకి రెండుసార్లు కొట్టి, గోడ పై అంచున ఆనించి వదిలినట్టు లాగింది. నొక్కలేదు. సున్నం గోడ మీద పల్చగా పరుచుకుని, కిందికి దిగుతూ, ఒకచోట ఆగి, ఒకచోట చీలి, మళ్ళీ కలిసింది. చుక్కలు కింద అంచున వేలాడి రాలాయి.

"ఇప్పుడు ఎవరూ మాట్లాడకండి," అంది. మాట్లాడితే ఏమవుతుందో ఆమెకీ తెలియదు.

గోడ పై భాగం ముందు తెల్లబడింది. తెలుపు మెల్లగా కిందికి దిగింది. మధ్యలో, ఎర్ర గుర్తు ఉన్నచోట, బూడిదరంగు గీత ఒకటి మిగిలింది. దాని పక్కన ఇంకోటి. గుండ్రంగా తిరిగి, పక్కన కొమ్ము.

"అదిగో!" దీనమ్మ అరిచింది. "అదిగో మాస్టారూ, వచ్చాడు! చదవ్వే!"

కృపారాణి ముందుకి వంగింది. మాస్టారు కుర్చీలోంచి లేచాడు. ఒక్కో అక్షరం నీళ్ళలోంచి పైకొచ్చినట్టు వస్తోంది. కృపారాణి పెదాలు కదిలాయి, ఆగాయి. తల్లి వైపు చూసి మళ్ళీ గోడ వైపు చూసింది.

"చదవ్వే, ఆరిపోద్ది!"

"అమ్మా..."

చదివింది మాస్టారు. "నేలపూడి మార్తమ్మ," అన్నాడు, క్లాసులో చదివినట్టు విడివిడిగా. "ఆరు, పదకొండు, తొంభై ఆరు." అలవాటుగా ఫోను తీసి ఫొటో తీశాడు. తీశాక ఆ ఫోనుని ఏం చెయ్యాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు.

అక్షరాలు ఇంకాసేపు ఉన్నాయి. కృపారాణి వేలు పెట్టి 'మా' చూపించింది. అబ్రహాములో మొదటి అక్షరం ఇలా ఉండదమ్మా అని చెప్పబోయి ఊరుకుంది. గోడ తెల్లబడిపోయింది.

దీనమ్మ కుంచె బకెట్లో వేసింది. తొంభై ఆరు తుపానులో ఇంటి గోడ కూలి మీద పడి, కాలు విరిగి ఆమె కాకినాడ పెద్దాసుపత్రిలో నలభై రోజులుంది. వచ్చాక అత్త సువార్తమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "ఇదేనే నా కొడుకు," అని చూపించింది. అత్తకీ చదువు రాదు, చదివి చెప్పమని ఎవర్నీ అడగనూ లేదు. పూడ్చిన రోజు మోకాలిలోతు నీళ్ళలో, ఎవరిది ఏ గొయ్యో కొడుకు పోయిన తల్లికి ఏం తెలుస్తుంది? ఆవిడ మీద కోపం రాలేదు. ఎవరి మీదా కోపం రాకపోవడమే ఆమెకి భరించరానిదిగా ఉంది.

"మార్తమ్మంటే చీపురుకట్టల మార్తమ్మేనా?" అంది.

"అవునమ్మా. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి," అన్నాడు మాస్టారు.

దీనమ్మకి ఎరుకే. కుళాయి దగ్గర బిందె జరిపిందని ఆ ముసలమ్మతో మాటా మాటా అనుకుని, తుపానుకి ముందు ఏడాది పాటు మొహం చూడలేదు. ఆ మనిషి సమాధి మీద తల ఆనించి, పిల్ల జ్వరం సంగతీ, అప్పుల సంగతీ, ఒంటరితనం సంగతీ ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పుకుంది.

లేచి బకెట్ తీసుకుంది.

"ఎక్కడికమ్మా?" అంది కృపారాణి.

"మీ నాన్న ఇక్కడే ఎక్కడో ఉంటాడు కదా."

మిగిలినవి ఏడు. మాస్టారు కుర్చీ అక్కడే వదిలేసి చెంబుతో నీళ్ళు మోశాడు. గోడ తడపడం, ఆగడం, కుంచె లాగడం, ఆగడం. కృపారాణి చదువుతోంది, మాస్టారు రాసుకుంటున్నాడు. గీకి పాడుచేసిన చివరిదాని మీద ఇంటిపేరు సగమే వచ్చింది, అయినా పోల్చుకున్నారు. ఒక్కో పేరూ లేస్తున్నప్పుడు దీనమ్మ కూతురి మొహమే చూసేది. ఆ మొహంలో ఏమీ లేకపోతే తర్వాతదానికి వెళ్ళేది. ఎండ నెత్తికెక్కేసరికి ఏడూ అయిపోయాయి. ఏడు పేర్లూ వచ్చాయి. అబ్రహాము లేడు.

"వరస ఇంతేనా మాస్టారూ?" అంది కృపారాణి.

మాస్టారు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మొదట పదకొండు," అన్నాడు. "రెండేళ్ళ కింద గేటు నుంచి లోపలికి సిమెంటు దారి వేశాం. మూడు అడ్డొస్తే చదును చేసి వాటి మీదే వేసేశాం. పిచ్చిమొక్కలు మొలిచి పడిపోయి ఉన్నాయి. ఎవరూ రాలేదు. గుడిలో మూడు ఆదివారాలు చదివించాను దీనమ్మా. ఎవరివైనా ఉంటే చెప్పమని."

"విన్నానండి," అంది దీనమ్మ.

విన్నది నిజమే. ముందు చాప మీదే కూర్చుని వింది. ఏటా వాటి పక్కనుంచి వెళ్తూ, 'ఎవరి మనుషులో పాపం, కాస్త సున్నం వేసే దిక్కు లేదు' అని లోవలక్ష్మితో అంది కూడా. తనది కాదనుకుంది. తనది తెల్లగా ఉంది కదా.

"తప్పు నాదే," అన్నాడు మాస్టారు. "మేకుతో రాసిన గీతలు చదవడం నాకు పెద్ద పని కాదు. కూర్చుని చూసి ఉండాల్సింది."

దీనమ్మ దారి వైపు చూసింది. నాలుగు రోజులుగా సున్నం బకెట్లు మోసింది దాని మీదే. దాని మీద సున్నం చుక్కలు అడుగడుక్కీ ఉన్నాయి. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. వెళ్ళి దారి అంచున నిలబడింది గానీ దాని మీద కాలు పెట్టలేకపోయింది. మూడిట్లో ఎక్కడో కూడా తెలియదు. కృపారాణి వచ్చి పక్కన నిలబడి అమ్మ చెయ్యి పట్టుకుంది. సున్నానికి పగిలిన ఆ చెయ్యి గరుగ్గా, చల్లగా ఉంది.

మాస్టారు గోడ నీడన కూర్చుని కమిటీ కాగితాలు తీశాడు. ఫోను చేసి ఆరు కుటుంబాలతో మాట్లాడాడు. పేరు దొరికిందంటే అవతలివాళ్ళు నమ్మక రెండుసార్లు చెప్పించుకున్నారు. ఏడోవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. మిగిలింది మార్తమ్మ ఒక్కతే. పేరుంది, ఫొటో ఉంది, సంతకం పెట్టే మనిషి లేడు. ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"నేను వేస్తానండి వేలిముద్ర," అంది దీనమ్మ, దారి దగ్గరనుంచి తిరిగొచ్చి.

"నువ్వు ఆవిడకి ఏమీ కావు కదమ్మా."

"కానండి."

"అబ్రహాముకి పలక మీద—"

"ఆయన సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ. సోమవారం జేసీబీ వచ్చేది ఈవిడ మీదికి కదా. ముందు ఇది రాయండి."

మాస్టారు కాగితం మోకాలి మీద సర్దుకున్నాడు. మృతురాలి పేరు రాశాడు. తేదీ రాశాడు. హక్కుదారు అన్నచోట దీనమ్మ పేరు రాశాడు. తర్వాతి గడి దగ్గర కలం ఆగింది.

"సంబంధం ఏమని రాయను?"

దీనమ్మ వేళ్ళకి ఎండిన సున్నాన్ని చీరకి తుడుచుకుని, బొటనవేలు ముందుకి చాపింది.

"ఇన్నేళ్ళూ ఈవిడ దగ్గరే ఏడ్చానండి," అంది. "అదే రాయండి."